గేటు బయట తొమ్మిది మంది

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే ఈ కథలో మొదటి తప్పు నాదే, రెండోదీ నాదే.

బందరు మున్సిపల్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేరి మూడు నెలలైంది. పేరు రాజ్ కుమార్, ఊరు గుడివాడ. టెన్త్ బి సెక్షన్‌కి క్లాస్ టీచర్‌ని. నాకు ముందున్నవాళ్ల హయాంలో ప్రోగ్రెస్ కార్డుల మీద ఎవరి సంతకం ఎవరు పెట్టేవారో దేవుడికే తెలియాలి. నేను రాగానే రూల్ మార్చేశాను. ఇంట్లోవాళ్లు స్వయంగా రావాలి, నా ఎదురుగా సంతకం పెట్టాలి, పిల్లలకి ఏమవుతారో పక్కన రాయాలి.

ఆ శనివారం పేరెంట్స్ మీటింగ్. బయట నవంబరు ముసురు. పదింటికి ఒకమ్మాయి వచ్చింది. ఆకుపచ్చ చుడీదారు, చేతిలో తడి గొడుగు, వేళ్ల చివర్ల ఎండిన జిగురు. అయ్యప్ప కార్డు మీద సంతకం పెట్టి పక్కన ‘అత్త’ అని రాసింది. అత్తంటే ఇంత చిన్నగా ఉంటుందా అనుకున్నాను. కళ్లు భలే ఉన్నాయని కూడా అనుకున్నాను. డ్యూటీలో అనుకోవాల్సిన మాట కాదది.

పదకొండింటికి మళ్లీ వచ్చింది. ఈసారి తేజస్విని కార్డు. పక్కన ‘అక్క’. ఆవలిస్తూ ఉన్నానేమో, పట్టించుకోలేదు.

పన్నెండింటికి మూడోసారి వచ్చింది. ఇప్పుడు ఏలీయా కార్డు. నాకు నిద్ర వదిలిపోయింది.

“ఏలీయాకి మీరేమవుతారండీ?”

“పిన్నిని.”

“ఇందాక తేజస్వినికి అక్కనన్నారు.”

“అవునండీ.”

“అంతకుముందు అయ్యప్పకి అత్త.”

“వాడు అలాగే పిలుస్తాడు మరి.”

“అయ్యప్ప వాళ్లేమో ఏటా మాల వేసుకుంటారు. ఏలీయా వాళ్లేమో చర్చికెళ్తారు. ఇద్దరికీ మీరెలా చుట్టమయ్యారు?”

“వాటర్ ట్యాంకర్ వచ్చినప్పుడు ఇద్దరి బిందెలూ నేనే పడతాను. చుట్టమే అనుకోండి.”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, నాకు చెవులు వేడెక్కిపోయాయి.

“ఏవండీ, నా చెవిలో పువ్వులేమైనా కనిపిస్తున్నాయా మీకు?”

ఆవిడ నిజంగానే తల పక్కకి వంచి చూసింది. “లేదండీ. చాక్‌పీసు పొడి కనిపిస్తోంది.”

పాత రిజిస్టర్లు తీసి తిరగేశాను. రెండేళ్లుగా చిలకలపూడిలో ఒకే వీధికి చెందిన తొమ్మిది మంది పిల్లలకీ అదే సంతకం. కె. జెస్సీ. ఒకచోట అక్క, ఒకచోట వదిన, ఒకచోట ‘అమ్మమ్మ తరఫు’. 

“ఇవేవీ చెల్లవు,” అని రిజిస్టర్ టప్పున మూశాను. “ఈ తొమ్మిది మందీ సోమవారం అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని రావాలి. రాకపోతే క్లాసులోకి రానివ్వను. గేటు బయటే.”

తేజస్విని లేచి నిలబడింది. సన్నగా, పొడుగ్గా ఉండే పిల్ల, నోరు తెరవడమే తక్కువ. “సార్, మా నాన్న వేటకెళ్లాడండీ. బోటు రావడానికి వారం పడుతుంది. జెస్సక్కే నాకు...”

“నీకు సొంతమనిషంటూ ఎవరూ లేరా? ఊళ్లోవాళ్లని అద్దెకి తెచ్చుకోవడమేనా?”

అనేశాను. ఆ పిల్ల కూర్చోలేదు, ఏడవలేదు, నావైపు చూస్తూ అలాగే నిలబడింది. జెస్సీ మొహంలో అంతవరకూ ఉన్న నవ్వు ఎటుపోయిందో పోయింది.

“ఆ పిల్లకి తల్లి లేదు మాస్టారూ,” అంది మెల్లగా. గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

తప్పు చేశానని అప్పుడే తెలిసింది. కానీ నలభై మంది ముందు వెనక్కి తగ్గడానికి నాకు మనసొప్పలేదు. అదీ రెండో తప్పు.

సోమవారం తొమ్మిది మందీ రాలేదు. మంగళవారం రాలేదు. దారికొస్తారులే అనుకున్నాను. బుధవారం హెడ్ మాస్టర్ గోవర్ధనరావు గారు పిలిచారు.

“శనివారం సాయంత్రం ఐదింటికి టెన్త్ నామినల్ రోల్స్ క్లోజ్ అవుతాయయ్యా. ఫొటో తీయాలి, సంతకాలు పెట్టించాలి. పిల్లలు ఎదురుగా ఉండాలి. నీ సెక్షన్లో తొమ్మిది ఖాళీలు కనిపిస్తున్నాయి.”

“వాళ్లు బడికి రావడం లేదండీ.”

“రోల్లో పేరు లేకపోతే మార్చిలో పరీక్ష లేదు. నీకు తెలుసుగా.” కళ్లజోడు తుడుచుకుంటూ గొంతు తగ్గించారు. “పోనీలే. ఆ తొమ్మిదీ లేకపోతే పాస్ పర్సెంటేజీ కాస్త పెరుగుద్ది. పైవాళ్ల దగ్గర నీకూ మంచి పేరొస్తుంది.”

ఆయన ఓదార్పుగానే అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, నా మీద. తొమ్మిది మంది పిల్లల చదువుని నేను పర్సెంటేజీ కింద మార్చేశాను. మూడు రోజుల్లో, ఒక్క మాటతో.

“తొమ్మిది మందీ శనివారానికి ఉంటారండీ,” అన్నాను.

“ఎలా?”

“ఎలాగో తెలియదు. ఉంటారు.”

సాయంత్రం చిలకలపూడి వెళ్లాను. జెస్సీ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, ఆ వీధిలో ఆమెని ఎరగనివాళ్లు లేరు. వరండాలో చాప పరుచుకుని ఆరుగురు ఆడవాళ్లు రోల్డ్ గోల్డ్ హారాలకి ఎర్రరాళ్లు అతికిస్తున్నారు. బజారులో ఆర్డర్లు పట్టి వీధిలో ఇరవై ఇళ్లకి పని పంచేది జెస్సీయేనట. అరుగు మీద పెద్దావిడ ఒకరు తలెత్తకుండా గొలుసు అల్లుతోంది. జెస్సీ వాళ్ల అమ్మ, దేవమ్మ గారు. నేను నమస్కారం పెడితే లోపలికి లేచి వెళ్లిపోయింది.

“మా అమ్మకి మాస్టార్లంటే భయం,” అంది జెస్సీ. “కూర్చోండి. జిగురు చూసుకుని.”

“పిల్లలు బడికి రావడం లేదండీ.”

“మీరే రావద్దన్నారు.”

“అమ్మానాన్నల్ని తీసుకుని రమ్మన్నాను.”

“ఏలీయా వాళ్ల నాన్న పొద్దున్న ఏడింటికి పాలిషింగ్ మిషన్ ముందు కూర్చుంటే రాత్రికే లేస్తాడు. తేజస్విని వాళ్ల నాన్న నరసింహం సముద్రంలో ఉన్నాడు. మీ మీటింగేమో వర్కింగ్ అవర్స్‌లో. అందుకే నేనొస్తాను. మీరు చెప్పింది విని, రాత్రి అన్నాలయ్యాక ఇంటింటికీ వెళ్లి చెప్తాను.”

“అయినా మీరు వాళ్లకి నిజంగా ఏమీ కారు కదా?”

ఆమె చేతిలో హారం పక్కన పెట్టింది. “మీ బడి ఎదురుగా టీ కొట్టు అప్పయ్యని మీరేమని పిలుస్తారు?”

“బాబాయ్ అని.”

“మీ నాన్నగారికి తమ్ముడా?”

ఆడవాళ్లు ఆరుగురూ పనాపి మరీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

“తప్పు నాదేనండీ,” అన్నాను. “అది చెప్పడానికే వచ్చాను. వాళ్లు శనివారానికి రావాలి. మీరు సాయం చేయండి.”

నేనంత త్వరగా లొంగుతానని ఆమె అనుకోలేదల్లే ఉంది. కాసేపు నన్నే చూసింది. ఆ చూపుకి నేను లెక్కలు కూడా మర్చిపోయేవాణ్ణి.

“చేస్తాను. ముందొకటి చెప్పండి. ఆ తొమ్మిది మందిలో ఒక్కొక్కళ్ల గురించి ఒక్కో మాట. మార్కులు కాకుండా.”

నోరు తెరిచాను. “అయ్యప్ప... అయ్యప్పకి ఆల్జీబ్రా...”

“మార్కులు కాకుండా అన్నాను.”

“ఆలోచిస్తున్నానండీ.”

“ఆలోచించండి,” అని పనిలో పడింది. ఐదు నిమిషాలు గడిచాయి. అయ్యప్ప మూడో బెంచీ. ఏలీయా కిటికీ పక్కన. తేజస్విని పొడుగు. ఇంతే. నా దగ్గర ఇంకేమీ లేదు.

“మూడు నెలలు రోజూ చూశారు మాస్టారూ,” అంది. గొంతులో వెటకారం లేదు. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది.

“నేను నేర్చుకుంటాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.”

“ఇంటింటికీ మీరే వెళ్లాలి. నేను పక్కనుంటాను. మార్కుల మాటెత్తకూడదు. రోల్స్ మాటెత్తకూడదు. వెళ్లి కూర్చోవాలి. వాళ్లు పెట్టింది తినాలి. వాళ్లు చెప్పింది వినాలి. చేతనవుతుందా?”

“ఇంతేనా?”

“మీకు ఇంతే చాలా కష్టం,” అంది. నిజమే చెప్పింది.

మొదటి ఇల్లు అయ్యప్పది. వాళ్లమ్మ కనకరత్నం నన్ను చూడగానే కంగారుపడి కుర్చీ తుడిచింది. అయ్యప్ప తలుపు చాటుకి చేరాడు. నేను చెప్పినట్టే కూర్చున్నాను. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు.

“ఊరికే కూర్చుంటే ఎలా సార్, ఓ చెయ్యేద్దురూ,” అని కనకరత్నం రాళ్ల పళ్లెం నా ముందుకి జరిపింది.

వేశాను. నాలుగో రాయికే నా చూపుడువేలూ బొటనవేలూ అతుక్కుపోయాయి. ఎంత లాగినా రావు. అయ్యప్ప తలుపు చాటు నుంచి బయటికొచ్చి నవ్వాడు, వాళ్లమ్మ నవ్వింది, జెస్సీ అయితే గోడకి చేరబడి కళ్లు తుడుచుకుంటోంది.

“కొబ్బరినూనె రాయాలి సార్,” అంటూ అయ్యప్ప నా చెయ్యి పట్టుకున్నాడు. నూనె రాస్తూ పళ్లెం వైపు ఓ చూపు చూసి, “అమ్మా, నూట నలభై మూడున్నాయి. హారానికి ఇంకొక్కటి తక్కువ,” అన్నాడు.

“లెక్కపెట్టావా?”

“చూశాను సార్. చూస్తే తెలుస్తుంది.”

నేను లెక్కపెట్టాను. నూట నలభై మూడు. వీణ్ణేనా నేను లెక్కల్లో మొద్దబ్బాయి అని మూడో బెంచీలో వదిలేసింది? “రేపు బడికి రారా. నువ్వు నాకు అవసరం,” అన్నాను. వాడు నమ్మలేదు. జెస్సీ వైపు చూశాడు. ఆమె తల ఊపాక నావైపు తిరిగి, “సరే సార్,” అన్నాడు.

ఏలీయా పాలిషింగ్ చేసే వాళ్ల నాన్నకి హారాల డిజైన్లు గీసిస్తాడు, సగం గీసి రెండోసగం అద్దంలో చూసినట్టు సరిగ్గా దింపుతాడు. ఇంకో పిల్ల ముగ్గురు తమ్ముళ్లని చదివించాకే తను పుస్తకం తెరుస్తుంది. గురువారం తెల్లవారి ఒక ఇంట్లో చద్దన్నం, మధ్యాహ్నం ఇంకో ఇంట్లో చేపల పులుసు. ఇళ్లకీ ఇళ్లకీ మధ్య సన్నటి సందుల్లో జెస్సీ ముందు నడిచేది, నేను వెనక. వాన వస్తే ఒకే గొడుగు. గొడుగు ఆమె వైపే ఎక్కువ పట్టేవాణ్ణి.

“సగం తడుస్తున్నారు మాస్టారూ.”

“సగమేగా.”

“రేపు జలుబు చేసి బడి మానేస్తే మీ తరఫున ఎవరు సంతకం పెట్టాలి?”

“మీరు పెట్టరా?”

ఆమె నడక కాస్త తగ్గించింది. నాకు ఆ సందు ఇంకో అరమైలు ఉంటే బాగుండుననిపించింది.

శుక్రవారానికి ఎనిమిది మంది బడికొచ్చారు. ఫొటోలు దిగారు, సంతకాలు పెట్టారు. తొమ్మిదో సీటు ఖాళీ.

“తేజస్వినిని వాళ్ల పెద్దమ్మ సత్యవతమ్మ కోడూరు తీసుకెళ్లిపోయింది,” అంది జెస్సీ. ఆ రోజు ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే ధైర్యం లేదు. “ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. అక్కడే రొయ్యల చెరువు దగ్గర పనిలో పెడతానందట. నరసింహం బోటు ఇంకా రాలేదు. అతనొస్తే నేనేం చెప్పాలి? పిల్లని నా మీద వదిలి వెళ్లాడు.”

“రేపు పొద్దున్నే కోడూరు వెళ్దాం.”

“రేపు ఐదింటికే కదా ఆఖరు?”

“అందుకే పొద్దున్నే.”

అల్పపీడనమని టీవీలో చెప్తూనే ఉన్నారు. తొమ్మిదింటికి నా బైకు మీద బయల్దేరాం. ఆమె వెనక కూర్చుని మధ్యలో పెద్ద బ్యాగు పెట్టుకుంది. 

“బ్యాగులో ఏముందండీ?”

“తేజూ పుస్తకాలు. మీకేదైనా అనుమానమా?”

“బ్యాగు మీద కొంచెం అసూయగా ఉంది, అంతే.”

“రోడ్డు చూసి నడపండి,” అంది. అద్దంలో చూస్తే నవ్వుతోంది. గుంతలో పడ్డాను.

చల్లపల్లి దాటేసరికి వాన దంచేస్తోంది. మోపిదేవి దగ్గర ఒక టీ కొట్టులో ఆగాం. కొట్టావిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, “కొత్తగా పెళ్లయిందా అమ్మా? స్వామి దర్శనం చేసుకున్నారా? ఏడాది తిరక్కుండా బాబు పుడతాడు,” అంది.

నేను టీ మింగలేక పొలమారాను. జెస్సీ మాత్రం గ్లాసు ఊదుకుంటూ, “మాకు ఇప్పటికే తొమ్మిది మంది పిల్లలు ఆంటీ. ఒకతి తప్పిపోయింది, వెతుక్కోవడానికి వెళ్తున్నాం,” అంది. పాపం ఆవిడ మళ్లీ మాట్లాడితే ఒట్టు.

కోడూరులో సత్యవతమ్మ ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది. తేజస్విని వసారాలో కూర్చుని వల బాగుచేస్తోంది. నన్ను చూసి లేచింది, లోపలికి వెళ్లబోయింది. జెస్సీ కనబడగానే ఆగిపోయింది.

“ఎందుకొచ్చారండీ?” అంది సత్యవతమ్మ. గట్టి మనిషి. “దీనికెవరూ లేరన్నారంట కదా. నేనున్నాగా, తెచ్చుకున్నాను. తల్లి లేని పిల్లని నలుగుర్లో అలా అంటారా? మీరేం మాస్టారండీ?”

చుట్టుపక్కల వాళ్లు నలుగురైదుగురు వానలోనే వచ్చి చూరు కింద చేరారు. నాకు ఒక్క క్షణం పాత కోపం, పాత సిగ్గు రెండూ లేచాయి. జెస్సీ నాకేం సాయం రాలేదు. చూస్తూ నిలబడింది.

నేను తేజస్విని ముందుకి వెళ్లాను. “తేజస్వినీ, ఆ రోజు నేనన్నది తప్పు. తెలియక కాదు, కోపంతో అన్నాను. నలభై మంది ముందు అన్నాను, ఇప్పుడు వీళ్లందరి ముందు క్షమించమని అడుగుతున్నాను. సోమవారం క్లాసులో కూడా అడుగుతాను.”

మాస్టారు పదిహేనేళ్ల పిల్లని క్షమించమనడం ఆ వాకిట్లో ఎవరూ చూసి ఉండరు. తేజస్విని మాత్రం కరగలేదు.

“మళ్లీ కోపం రాదా సార్ మీకు?”

అబద్ధం చెప్పబోయి ఆగాను. “వస్తుంది.”

“వస్తే మళ్లీ అంటారుగా.”

“అనొచ్చు. అంటే నువ్వు బయటికి వెళ్లొద్దు. లేచి నిలబడి ‘సార్, మీరు బయటికి వెళ్లండి’ అను. నేను వెళ్లి పావుగంట వరండాలో నిలబడి వస్తాను. ఇది అందరికీ రూల్.”

ఆ పిల్ల మొహంలో ఏదో కదిలింది. “నిజంగా వెళ్తారా?”

“వెళ్లకపోతే నేను చూసుకుంటాను,” అంది జెస్సీ.

తేజస్విని వల మడిచి పక్కన పెట్టింది. “పెద్దమ్మా, నేను పరీక్ష రాస్తాను,” అంది. అడగలేదు, చెప్పింది. సత్యవతమ్మ నన్ను ఇంకోసారి గుచ్చిగుచ్చి చూసి, లోపలికి వెళ్లి తువ్వాలు తెచ్చి ఆ పిల్ల తల తుడిచింది.

ఒంటిగంటన్నరకి ముగ్గురం ఒకే బైకు మీద బయల్దేరాం. మోపిదేవి దాటకముందే ఇంజన్‌లోకి నీళ్లెళ్లి బండి ఆగిపోయింది. ఎంత తన్నినా లేవదు. బస్సులు లేవు. టైము రెండున్నర.

“ఇప్పుడెలా?” అంది తేజస్విని.

“నడుద్దాం,” అన్నాను. “నడుస్తూ ఆపుదాం, ఏదొస్తే అది.”

బండిని ఆ టీ కొట్టావిడ దగ్గరే వదిలేసి నడవడం మొదలుపెట్టాం. పది బళ్లకి చెయ్యెత్తినా ఆగలేదు, పదకొండోది ఆగింది. రొయ్యల మేత వ్యాను. బస్తాల మధ్య ముగ్గురం ముడుచుకుని కూర్చున్నాం. ఆ కంపుకి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. తేజస్విని జెస్సీ భుజం మీద నిద్రపోయింది.

“భయపడ్డారా, అక్కడ క్షమాపణ అడిగేటప్పుడు?” అంది జెస్సీ.

“చచ్చేంత.”

“నేను మాట సాయం చేస్తాననుకున్నారా?”

“అనుకున్నాను.”

“చేద్దామనే ఉంది. కానీ మీరు సొంతంగా చేయగలరో లేదో నాకు తెలియాలి.” ఆగి, బస్తాల వైపు చూస్తూ అంది. “నా సొంత పనిమీద తెలుసుకోవాలనిపించింది.”

ఆ మాటకి అర్థం నాకు వ్యాను చల్లపల్లి దాటాక తెలిసింది. తెలిశాక కంపు ఎక్కడుందో కూడా నాకు గుర్తులేదు.

బడి చేరేసరికి నాలుగూ నలభై. అందరూ వెళ్లిపోయి ఉంటారనుకున్నాను. గోవర్ధనరావు గారు కంప్యూటర్ ముందు ఒక్కరే కూర్చున్నారు, మడతపెట్టిన గొడుగు ఒళ్లో పెట్టుకుని.

“నాలుగింటికే వెళ్లిపోదామనుకున్నాను,” అన్నారు చిరాగ్గా. “నువ్వు ఉంటారన్నావు కదా అని ఉన్నాను. ఏంటయ్యా ఆ వాసన? రామ్మా, ఇలా నిలబడు. ఫొటో. కళ్లు మూయకు.”

నాలుగూ యాభై రెండుకి తొమ్మిదో పేరు ఎక్కింది. తేజస్విని తెర మీద తన పేరు ముట్టుకుని చూసుకుంది. ఆయన గొడుగు తీసుకుంటూ, “పర్సెంటేజీ సంగతి మార్చిలో చూద్దాంలే,” అన్నారు.

వరండాలో జెస్సీ జుట్టు పిండుకుంటోంది. దగ్గరికి వెళ్లాను. దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి.

“జెస్సీ గారూ, మీతో ఒక మాట...”

“తెలుసు.”

“నేనింకా చెప్పలేదే.”

“మీ మొహం మీద బోర్డు మీద రాసినట్టుంది. నాకూ ఇష్టమే.” అంత సూటిగా అనేసి, తనే ఎర్రబడింది. “కానీ నేనా వీధి వదిలి రాను మాస్టారూ. అది ముందే చెప్తున్నాను.”

“రమ్మని ఎవరన్నారు? నేనే వస్తాను.”

“అయితే రేపు చర్చి అయ్యాక ఇంటికి రండి. అమ్మకి చెప్పాలి. అదే కష్టం. మా అమ్మ మీరొస్తే లోపలికి వెళ్లిపోతుంది.”

గుడివాడకి ఫోన్ చేస్తే మా అమ్మ అంతా విని, “పిల్ల పాడుతుందా?” అని ఒక్కటే అడిగింది. మా చర్చి క్వాయర్‌లో పాడటం రాకపోతే తనే నేర్పిస్తుందట.

ఆదివారం వెళ్లాను. దేవమ్మ గారు నన్ను చూసి లేచింది. జెస్సీ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నేను చెప్పాల్సింది చెప్పాను. గుడివాడ, అమ్మానాన్నలు, ఉద్యోగం, నా కోపం కూడా చెప్పాను. ఆవిడ అంతా విని కూతురి వైపు చూసింది.

“ఇది కూడా మీ బళ్లోనే టెన్త్ చదివింది మాస్టారూ,” అంది. “మీలాగే ఒక మాస్టారు అమ్మని తీసుకురమ్మన్నాడు. నాకు పనుంది, రాలేనన్నాను. నాలుగు రోజులు గేటు బయట నిలబడింది. ఐదో రోజు పుస్తకాలు అటకెక్కించి రాళ్ల పళ్లెం ముందు కూర్చుంది. పదేళ్లయింది.”

“అమ్మా, ఇప్పుడవెందుకు,” అంది జెస్సీ. నాతో ఎప్పుడూ చెప్పని సంగతి. “నీకు పనుండి రాలేకపోయావు. నేనేమైనా అన్నానా?”

“పని లేదే.” ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుంది. “ఆ రోజు పని లేదు. ఇంట్లోనే ఉన్నాను. నాకు చదువు రాదు. సంతకం పెట్టమంటే వేలిముద్ర వేయాలి. నీ నేస్తాలంతా చూస్తారని సిగ్గేసింది. నిన్ను గేటు బయట నిలబెట్టింది మాస్టారు కాదమ్మా. నేనే.”

ఇన్నాళ్లూ వీధిలో పిల్లలందరి తరఫునా ఆ బడి గుమ్మం ఎక్కిన మనిషి, ఇప్పుడు తల్లి ఒళ్లో తల పెట్టుకుని పెద్దగా ఏడ్చింది. ఏం చేయాలో తెలియక నేను కూర్చునే ఉన్నాను. మొత్తం వారంలో నేర్చుకున్న విద్య అదొక్కటే.

కాసేపటికి దేవమ్మ గారు కళ్లు తుడుచుకుంది. కూతురివి కూడా తుడిచింది.

“మీవాళ్లు గుడివాడలో ఉన్నారు. ఇక్కడ మీకు పెద్ద దిక్కెవరు మాస్టారూ?”

“మా హెడ్ మాస్టర్ గారేనండీ.”

“ఆయన రేపు ఉంటారా?”

“ఉంటారండీ. ఆయన్ని ఇంటికి తీసుకొస్తాను.”

“వద్దు,” అంది. “నేనే వస్తాను.”

సోమవారం మొదటి పీరియడ్. తేజస్విని వచ్చింది, క్లాసులో అందరి ముందూ నేను అడగాల్సిన క్షమాపణ అడిగాను. అయ్యప్ప చప్పట్లు కొట్టబోతే ఏలీయా ఆపాడు. లెక్క మొదలుపెట్టబోతూ కిటికీలోంచి చూశాను.

గేటు దగ్గర ఇస్త్రీ చీరలో దేవమ్మ గారు నిలబడి ఉంది. పక్కన జెస్సీ. లోపలికి అడుగెయ్యడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. జెస్సీ చెయ్యి అందివ్వబోతే వద్దని తనే గేటు తోసింది. వాచ్‌మన్ ఎదురొచ్చి, ఎవరు కావాలని అడిగాడు.

వాన తెరిపిచ్చింది కాబట్టి ఆ మాట మా క్లాసు దాకా వినిపించింది.

“నేను జెస్సీ వాళ్ల అమ్మనండీ. మా అమ్మాయి గురించి మాట్లాడటానికొచ్చాను.”